గోడ మీది నాన్న

రేపల్లె దగ్గర ఒక ఊళ్లో నేను దుర్యోధనుడికి అతికించిన మీసం ఎంత గట్టిదంటే, నాటకం అయిపోయి, తెల్లారి, వాడు పొలానికి వెళ్లి, ఆ తర్వాత పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నా కూడా అది ఊడలేదు. పెద్దపిల్లాడు ఆ మీసంతోనే పుట్టాడని ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇది అబద్ధం. అయినా కృష్ణానగర్ టీ కొట్టు దగ్గర నేనీ సంగతి చెప్పినప్పుడల్లా విన్నవాళ్లు తలలూపి, జిగురు ఎక్కడ కొన్నావని అడిగేవాళ్లు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం జరిగిన సంగతి. దాన్ని నమ్మవలసినవాడు నమ్మలేదు.

నా పేరు పట్టాభిరామయ్య. సినిమావాళ్లకి గడ్డాలూ మీసాలూ అతికించడం నా పని. మద్రాసు నుంచి సినిమాలు హైదరాబాదుకి తరలి వస్తున్న రోజుల్లో నేనూ వీరరాఘవయ్యా ఒకే లారీలో వచ్చాం, విగ్గుల పెట్టెల మీద కూర్చుని. మా ఇద్దరి మధ్యా నిద్రపోతున్న పిల్ల అతని కూతురు హైమ. కృష్ణానగర్‌లో దేవమ్మ ఇంట్లో పక్కపక్క గదుల్లో దిగాం. ఆ గదులు ఎంత చిన్నవంటే, లోపలికి వెళ్లి వెనక్కి తిరగాలంటే బయటికి వచ్చి తిరిగి వెళ్లాలి.

వీరరాఘవయ్య తెనాలి వైపు మనిషి. మెత్తనివాడు. జూనియర్ ఆర్టిస్టని కార్డుంది గానీ అతను వేసే వేషం ఒక్కటే. చనిపోయిన తండ్రి. హీరో ఇంట్లోనో హీరోయిన్ ఇంట్లోనో హాల్లో గోడకి దండ వేసిన ఫొటో ఉంటుంది చూశారూ, ఆ ఫొటోలో ఆయన. మద్రాసులో ఉండగా ఒక సినిమా కోసం తీశారు దాన్ని. తలపాగా నేనే చుట్టాను, గుబురు మీసం నేనే అతికించాను. ఆ ఫొటో చూస్తే, ఇప్పుడే ఎవర్నో దీవించి ఇంకా చెయ్యి దించనివాడిలా ఉంటాడు. డైరెక్టర్లకి అది నచ్చింది. ఇక ఆ తర్వాత ఎంతమంది హీరోలు అతని ముందు నిలబడి పగ తీర్చుకుంటామని ఒట్టేశారో, ఎంతమంది హీరోయిన్లు ఆ చట్రానికి నుదురు ఆనించి ఏడ్చారో లెక్కలేదు. ఒక సినిమాలో అతని కొడుకు, ఇంకో సినిమాలో అతని కూతురు కలిసి మూడో సినిమాలో డ్యూయెట్లు పాడుకున్నారు. "నీ పిల్లలకి వావీవరసా లేకుండా పోయిందయ్యా" అంటే సిగ్గుపడి నవ్వేవాడు.

ఒక్క సినిమాలోనూ అతనికి మాట లేదు. "మాట్లాడే తండ్రిని పెడితే చంపడానికి రెండు రీళ్లు ఖర్చు. వీరరాఘవయ్య అయితే చచ్చే వస్తాడు" అనేవాడు ప్రొడక్షన్ మేనేజర్ చలపతిరావు.

బతికున్న మనిషి ఫొటోకి దండ వేయడం అశుభం కదా. అందుకని మా వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఫొటో తగిలించే ముందు కొబ్బరికాయ కొడతారు. షాటు అయ్యాక ఆ మనిషే వచ్చి, తన దండ తన చేత్తో తీసేసి, కెమెరాలోకి చూసి ఒకసారి నవ్వాలి. అప్పుడు అతను బతికున్నట్టు. ఆ నవ్వు కోసమే వీరరాఘవయ్యని ప్రతిసారీ సెట్టుకి పిలిచేవాళ్లు. భోజనం పెట్టేవాళ్లు. దండ ఇంటికి పట్టుకెళ్లమనేవాళ్లు, కానీ అతను గుడి మెట్ల మీద పెట్టి వచ్చేవాడు. అతని భార్య సత్యలక్ష్మి మద్రాసులోనే జ్వరంతో పోయింది. ఆవిడకి ఒక్క ఫొటో కూడా లేదు. దండలన్నీ మొగుడికే పడ్డాయి.

హైమ రాజేంద్రనగర్‌లో వ్యవసాయం చదివింది. చదివి, పురుగుల్లో పడింది. పత్తి చేలని తెల్లదోమ మింగేసి, గుంటూరు వైపు రైతులు నెత్తిన చేతులు పెట్టుకున్న ఏడాది అది. ఆ దోమ సంగతి తేల్చాలంటే పైదేశంలో చదవాలంది.

"పురుగుల కోసం సముద్రాలు దాటాలా అమ్మా? దేవమ్మ బియ్యం డబ్బా మూత తీస్తే ఏ దేశం పురుగైనా దొరుకుతుంది" అన్నాను.

"నీ విగ్గుల పెట్టెలో ఇంకా మంచివి ఉన్నాయి మావయ్యా. అవి తిరిగొచ్చాక చూస్తా" అంది.

ఆ పిల్ల ఏ మాటకీ తడుముకునేది కాదు. దరఖాస్తులు తనే రాసుకుంది, తనే పంపింది. ఒక పెద్ద కాలేజీవాళ్లు చదువు చెప్పి, తిండి పెట్టి, గది కూడా ఇస్తామని రాశారు. ఆ దేశం పేరు నేను రాయను. వాళ్లకి కోపం వచ్చి మన మామిడికాయలు కొనడం మానేస్తే రైతులు నన్ను తంతారు. వీసా ఒక్కటే మిగిలింది. దానికి మద్రాసు వెళ్లాలి.

మధురానగర్‌లో వీసా వచ్చిన కుర్రాడొకడు హైమకి ఒక సలహా చెప్పాడు. "వాళ్లకి ఒకటే అనుమానమండీ, వెళ్లినవాళ్లు తిరిగి రారని. ఇక్కడ మీకు ఇల్లుంది, కన్నవాళ్లున్నారు అని తెలియాలి. ఇంట్లో మీ నాన్నగారితో ఒక ఫొటో తీయించుకుని కాగితాలతో పాటు పెట్టండి."

మా గదుల్లో ఫొటో తీయాలంటే కెమెరా పక్కవాళ్లింట్లో ఉండాలి. వీరరాఘవయ్యకి ఆలోచన తట్టింది. జూబిలీహిల్స్‌లో బండరాళ్ల మధ్య కట్టిన ఒక బంగళా ఉండేది. షూటింగులకి ఇచ్చేవాళ్లు. మేం దాన్ని రాళ్లమేడ అనేవాళ్లం. ఆ వారం అక్కడే పని. భోజనాల వేళ హాలు ఖాళీగా ఉంటుంది. స్టిల్ ఫొటోలు తీసే సుబ్రహ్మణ్యం మనవాడు. చలపతిరావుని అడిగితే, "మన పిల్ల చదువుకి కాకపోతే దేనికయ్యా, పులుసు చల్లారేలోపు కానివ్వండి" అన్నాడు.

హైమకి ఇది అంతగా నచ్చలేదు. "మనది కాని ఇంట్లో ఎందుకు నాన్నా?" అంది.

"ఇల్లు మనదని నువ్వేం చెప్పొద్దమ్మా. అడిగితే షూటింగు ఇల్లని చెప్పు. వెలుతురు బాగుంటుందని అంతే" అన్నాడతను.

ఆ రోజు వీరరాఘవయ్య చలవ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని వచ్చాడు. నెరిసిన తల, బోడి మూతి. చెక్కిన కుర్చీలో కూర్చున్నాడు. హైమ పక్కన నిలబడి అతని భుజం మీద చెయ్యి వేసింది. లైట్ బాయ్ ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి ఒక దీపం వెలిగించాడు. నేను వెలుతురు వాళ్ల ముఖాల మీద పడేలా తెల్ల థర్మోకోలు అట్ట పట్టుకుని నిలబడ్డాను. సుబ్రహ్మణ్యం కెమెరాలోంచి చూస్తూ, కుర్చీ జరపమన్నాడు, పూలకుండీ తీయించాడు, హైమ జడ ముందుకి వేయించాడు, నేలమీద కరెంటు తీగ కనబడుతోందని దాన్ని కూడా పక్కకి లాగించాడు. అంత చూశాడు.

కుర్చీ వెనక గోడ మీద వీరరాఘవయ్య ఫొటో ఉంది. పొద్దున్నుంచి హీరో దాని ముందు ఒట్టేస్తున్నాడు. షాటు సగమే అయింది. మధ్యలో దండ తీస్తే తర్వాతి ముక్కకి అతకదు, అందుకని ఎవరూ తీయలేదు. బంతిపూల దండ, నిండుగా.

మాలో ఒక్కరికీ అది కనబడలేదు. కనబడలేదంటే కళ్లకి ఆనలేదని కాదు. దండ వేసిన ఫొటో అంటే మాకు గోడలో ఒక భాగం, కిటికీ లాగా, స్విచ్చి లాగా. బయటివాళ్లకి అది చావు కబురని మాకు గుర్తుకు రాలేదు. హైమ కూడా సెట్లలో ఆ ఫొటో కింద అన్నం తిని పెరిగిన పిల్లే.

మద్రాసుకి హైమ ఒక్కతే వెళ్లి, వీసా లేకుండా తిరిగి వచ్చింది. దేవమ్మ అరుగు మీద కూర్చుని, చెప్పుల పట్టీ విప్పుకుంటూ, లోపలున్న తండ్రికి వినబడకుండా చెప్పింది.

వీసా ఇచ్చే దొర మర్యాదస్తుడేనట. పురుగుల గురించి నాలుగు ప్రశ్నలు వేసి సంతోషించాడట. తర్వాత ఆ ఫొటో తీశాడు. ఇదెవరి ఇల్లంటే షూటింగులకి ఇచ్చే ఇల్లని చెప్పింది. కూర్చున్నది ఎవరంటే మా నాన్న అంది. గోడ మీద ఎవరంటే, అదీ మా నాన్నే అంది. పక్కన ఉన్న మనవాడొకడు దొర చెవిలో ఏదో ఊదాడు.

"దొర ముఖం జాలిగా పెట్టి, మీ నాన్నగారు ఎప్పుడు పోయారమ్మా అన్నాడు మావయ్యా. పోలేదండీ, ఇదిగో కూర్చున్నది ఆయనే అన్నాను. రెండు ముఖాలూ మార్చి మార్చి చూశాడు. గోడ మీద తలపాగా, మీసం. కుర్చీలో ఏమీ లేవు. ఈయన్ని ఎక్కడినుంచి తెచ్చావు అన్నాడు."

"ఎవరో జమీందారు, ఆ ఇంటివాళ్లాయన అని చెప్పకపోయావా?"

హైమ నా వంక చూసింది. "నాన్న ఫొటో చూపించి ఎవరో అనమంటావా?"

దేవమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి చాచి ఫొటో తీసుకుని ఒక్క చూపు చూసింది.

"గీ గోడ మీద మీ నాయినకు దండేసిన్రేంది బిడ్డా? బతికున్న మనిషికి. గిది ఎవల్లకన్న కనబడ్తది గదా" అంది.

అందరికీ కనబడుతుంది. మాకు తప్ప.

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. వీరరాఘవయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో తెలియదు. ఫొటో అడిగి తీసుకున్నాడు. చాలాసేపు చూసి, "సుబ్రహ్మణ్యం బాగానే తీశాడు" అన్నాడు.

కాలేజీవాళ్లు కొంచెం గడువిచ్చారు. వీసా ఆఫీసువాళ్లు ఇంకోసారి అడగొచ్చన్నారు. ఈసారి వీరరాఘవయ్య బతికే ఉన్నాడని సర్కారు కాగితం పట్టుకెళ్లాలనుకున్నాం. తాసిల్దారు ఆఫీసులో గుమాస్తా పైనుంచి కిందకి చూశాడు.

"ఎవరు బతికున్నట్టు?"

"నేనేనండీ" అన్నాడు వీరరాఘవయ్య.

"నీవు పెన్షన్‌దారువా?"

"కాదండీ."

"మరి నీవు బతికుంటే ఎవరికి ఫికర్?"

అతను తమాషాకే అన్నాడు. నేను కూడా నవ్వాను. పెన్షన్‌దారుల కాగితం కుదరకపోతే, ఇంకో పద్ధతిలో ముద్ర వేసి ఇచ్చాడు పాపం. వీరరాఘవయ్య ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, దారంతా జేబు మీద చెయ్యి వేసుకునే నడిచాడు.

మద్రాసుకి తనూ వస్తానన్నాడు. నన్నూ రమ్మన్నాడు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని హైమని అడిగాడు, "నన్ను పిలిస్తే ఇంగ్లీషులో ఏమనాలమ్మా?"

ఆ పిల్ల రెండు ముక్కలు చెప్పింది. "సార్, ఐయామ్ హర్ ఫాదర్. ఐయామ్ అలైవ్." చాలు నాన్నా, మిగతాది నేను చెప్పుకుంటా అంది.

నెల్లూరు దాకా అదే. అతను చెప్పడం, నేను దిద్దడం. నాకేమన్నా వచ్చి కాదు, ఊళ్లో నేను చదివిన అయిదు తరగతుల్లో ఇంగ్లీషు మేష్టారు రెండుసార్లే వచ్చాడు, ఒకసారి దారి తప్పి. అయినా నాటకాలవాణ్ని కదా. "అలైవ్ అనేటప్పుడు కాస్త ఊపిరి తీసుకో రాఘవయ్యా. చచ్చినవాడు తీసుకోలేడు కాబట్టి నమ్ముతాడు" అన్నాను. ఎదుటి సీటావిడ పకపకా నవ్వింది. అతను నవ్వలేదు. నేను చెప్పినట్టే ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు.

"జిగురు తెచ్చావా పట్టాభీ?" అన్నాడు కాసేపటికి. "మీసం పెట్టేయి. తలపాగా చుట్టుకుంటా. గోడ మీదివాడిలాగే ఉంటే గుర్తుపడతాడు."

సీసా నా సంచిలో ఉంది. నేను హైమ వంక చూశాను.

"వద్దు నాన్నా. నీ ముఖంతోనే రా" అంది.

ఆ ఆఫీసు గేటు దగ్గర మనుషులు వంకర తిరిగిన వరుసలో ఉన్నారు. వీసా కావలసినవాళ్లే లోపలికి, కూడా వచ్చినవాళ్లు రోడ్డుకి అవతల. కాపలావాడికి తెలుగు రాదు. వీరరాఘవయ్య జేబులో కాగితం తీసి చూపిస్తే, దాన్ని తిరగేసి చూసి ఇచ్చేశాడు. అతను దాన్ని హైమ చేతికిచ్చి రోడ్డు అవతల నిలబడ్డాడు. పక్కన గోడ నీడ ఉంది, రమ్మన్నాను. అక్కడినుంచి గేటు కనబడదన్నాడు. చొక్కా మెడ బొత్తాం కూడా పెట్టేశాడు. మద్రాసు ఎండ. పెదవులు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి. గేటు కదిలినప్పుడల్లా ఒక అడుగు ముందుకి వేసి మళ్లీ వెనక్కి వెళ్లేవాడు.

హైమ బయటికి వచ్చింది. ఆ పిల్ల రోడ్డు దాటుతుండగానే అతను ఎదురు వెళ్లాడు.

"ఎప్పుడు పిలుస్తారు నన్ను?"

"నీతో పని లేదన్నారు నాన్నా."

"అంటే నమ్మారా?"

ఆ పిల్ల అతని మెడ దగ్గర బొత్తాం విప్పి, పైటచెంగుతో చెమట తుడిచింది. "పద నాన్నా, ఏదన్నా తాగుదాం" అంది.

నాకు తర్వాత చెప్పింది. కాగితం చూసి దొర, ఇలాంటివి మీ దగ్గర దొరకడం కష్టం కాదని నాకు తెలుసు అన్నాడట. మా నాన్న బయటే ఉన్నాడు, ఒక్కసారి కిటికీలోంచి చూడండి అందట. బయట ఎవరో ఒకాయన ఉంటాడమ్మా, క్రితంసారి ఫొటోలో కూడా ఉన్నాడు అన్నాడట. కోపంగా కాదు. బాధపడుతూనే అన్నాడట.

కాలేజీ గడువు దాటిపోయింది. హైమ మధురానగర్‌లో పురుగుమందులు అమ్మే ఒక కంపెనీ ఆఫీసులో చేరింది. పురుగు ఎలా బతుకుతుందో చూడాలనుకున్న పిల్ల, ఏ డబ్బా ఏ ఊరికి వెళ్లాలో రాస్తూ కూర్చునేది. "ఎలా ఉందమ్మా?" అంటే "నీడపట్టున ఉంది మావయ్యా" అనేది. నేను ఏ అబద్ధం చెప్పినా అదివరకులా ఎదురు మాట అనేది కాదు. వినేది.

వీరరాఘవయ్య సెట్టుకి రావడం మానేశాడు. ఫొటో మాత్రం వెళ్తూనే ఉంది. నవ్వడానికి మనిషి రాకపోతే మా వాళ్లకి భయం. ఒకరోజు చలపతిరావు స్వయంగా కృష్ణానగర్ సందుల్లోకి స్కూటర్ మీద వచ్చాడు. "నువ్వు రాకపోతే దండ ఎవరు తీస్తారయ్యా? నా చేత్తో తీస్తే పాపం నాకు. రా, నా మాట విను" అన్నాడు. వీరరాఘవయ్య మొహమాటానికి వచ్చాడు. కాదంటే పొయ్యి వెలగదు కూడాను.

మళ్లీ ఆ రాళ్లమేడే. అదే హాలు. సవతితల్లి ఇంట్లోంచి గెంటేసిన హీరోయిన్, తండ్రి ఫొటో ముందు ఏడవాలి. వీరరాఘవయ్య కెమెరా వెనక, దీపాల స్టాండు పక్కన నిలబడ్డాడు. నేను అతని పక్కనే, మీసాల పళ్లెం పట్టుకుని. డైరెక్టరు సైలెన్స్ అన్నాడు. కెమెరా తిరిగింది. ఆ అమ్మాయి చట్రం పట్టుకుని, గ్లిజరిన్ కారుతుండగా అంది: "నువ్వు బతికుంటే నాకీ గతి పట్టేదా నాన్నా?"

పక్కన ఊపిరి తీసుకున్న చప్పుడైంది. చూస్తే వీరరాఘవయ్య చేతులు జోడించి ఉన్నాడు. చొక్కా మెడ బొత్తాం పెట్టేసి ఉంది.

"సార్, ఐయామ్ హర్ ఫాదర్. ఐయామ్ అలైవ్."

గట్టిగా అనలేదు, నెమ్మదిగానూ అనలేదు. రైల్లో నేర్చుకున్నట్టే అన్నాడు. ఎక్కడా తడబడలేదు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూడలేదు, పనిమంతురాలు, ఏడుస్తూనే ఉంది. కెమెరా తిరుగుతూనే ఉంది. డైరెక్టరు కట్ చెప్పేదాకా ఎవరూ కదలలేదు.

చలపతిరావు దగ్గరికి వచ్చి, "ఏంటయ్యా ఇది, షాటు మధ్యలో" అన్నాడు గొంతు తగ్గించి.

"పోనీండి. మాటలు తర్వాత డబ్బింగ్‌లో వేసుకుంటాం కదా. బొమ్మ బాగా వచ్చింది" అన్నాడు డైరెక్టరు. ఓకే అన్నాడు.

వీరరాఘవయ్య స్టూలు ఎక్కి దండ తీశాడు. దిగి, కెమెరా ముందు నిలబడ్డాడు. అందరూ నవ్వు కోసం చూశారు. "నవ్వవయ్యా, నవ్వకపోతే మంచిది కాదు" అన్నాడు చలపతిరావు. అతను పెదవులు విడదీశాడు. అది నవ్వేనని చలపతిరావు అన్నాడు. మేం కూడా అదే అన్నాం.

ఆ సంగతి హైమకి నేనే చెప్పాను. సినిమా విడుదలయ్యాక ఆదివారం మ్యాట్నీకి తీసుకెళ్లమంది. వీరరాఘవయ్య రానన్నాడు, పప్పులోకి చింతపండు నానబెడుతున్నాడు. ఇద్దరమే వెళ్లాం.

ఆ ఘట్టం వచ్చింది. తెర నిండా బంతిపూల దండ, తలపాగా, నా మీసం. హీరోయిన్ చట్రం పట్టుకుంది. డబ్బింగ్ అమ్మాయెవరో ఆవిడ మాట చక్కగా చెప్పింది. "నువ్వు బతికుంటే నాకీ గతి పట్టేదా నాన్నా?"

"ఎక్కడ మావయ్యా?" అంది హైమ.

"ఇదిగో, ఇక్కడే."

అక్కడ వయొలిన్లు వాయించారు. చాలా వయొలిన్లు. హైమ కుర్చీలో ముందుకి వంగి, చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. ఆ ఘట్టం అయిపోయి పాట మొదలయ్యాక కూడా అలాగే కూర్చుంది.